రెండు నివేదికలు, ఒకే గడ్డ

ఒకే మాట ఒక ఇంట్లో శుభం, ఇంకో ఇంట్లో అశుభం కావచ్చు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మా హోసూరు వీధుల్లో 'పాజిటివ్' అంటే ఇంటి ముందు తగరపు రేకులు అడ్డం కట్టించే మాట. 'నెగెటివ్' అంటే హమ్మయ్య అనుకొనే మాట. రొమ్ము కాన్సర్ వచ్చిన ఇంట్లో ఈ రెండు మాటలూ తలకిందులవుతాయి. అక్కడ హార్మోను పరీక్ష 'పాజిటివ్' అని వస్తే వైద్యులు కొంత తేలికపడతారు. రోజుకొక మాత్రతో జబ్బును అణచిపెట్టే దారి ఒకటి అదనంగా ఉందని దానికి అర్థం. 'నెగెటివ్' అంటే ఆ దారి మూసి ఉందని అర్థం. ఈ సంగతి మా చెల్లెలి జబ్బు వల్ల నాకు తెలిసింది. అంతకంటె వింతయిన సంగతి మరొకటి కూడా తెలిసింది. మనిషి ఒకరే, గడ్డ ఒకటే అయినా, ఒక కాగితం పాజిటివ్ అంటే ఇంకో కాగితం నెగెటివ్ అనవచ్చు. మన ఇళ్ళలో ఎవరికైనా ఇలాంటి చిక్కు వస్తే పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

మా చెల్లెలికి అప్పుడు యాభై ఆరేళ్ళు. వాళ్ళకు బాగలూరు వైపు రోజాపూల తోట ఉంది. 2023లో ఎడమ రొమ్ములో నొప్పిలేని గట్టి గడ్డ ఒకటి చేతికి తగిలింది. మామోగ్రాం తీశారు. తర్వాత లావుపాటి సూదితో గడ్డలోంచి నాలుగైదు సన్నని ముక్కలు తీసి బెంగుళూరుకు పంపారు. వారానికి నివేదిక వచ్చింది. కాన్సరే, కాని తొలి దశ. గడ్డ రెండు సెంటీమీటర్ల పైచిలుకు. చంకలోకి పాకిన జాడ లేదు. కణాల తీరు మాత్రం దురుసుది, 'గ్రేడ్ 3' అన్నారు. ఈస్ట్రోజెన్ గ్రాహకం 8 శాతం కణాల్లో, బలహీనంగా ఉంది కాబట్టి పాజిటివ్. ప్రొజెస్టరోన్ గ్రాహకం లేదు. హెర్-2 కూడా లేదు.

మూడు వారాల తర్వాత ఆపరేషను చేసి రొమ్ము తీసేశారు. తీసినదాన్ని ఈసారి వేరొక పరీక్షాశాలకు పంపారు. అక్కడి నుంచి వచ్చిన నివేదికలో గడ్డ కొలత అదే, గ్రేడ్ అదే, చంకలో ఏమీ లేదన్న మంచిమాట కూడా ఉంది. కాని ఈస్ట్రోజెన్ గ్రాహకం దగ్గర 0 శాతం, నెగెటివ్ అని ఉంది. చివర 'ట్రిపుల్ నెగెటివ్' అని ముద్ర వేసినట్టు రెండు మాటలు.

ఇంటిల్లిపాదీ తలొక మాట అన్నారు. అల్లుడు, కొత్తగా వచ్చింది కాబట్టి రెండోదే నిజం అన్నాడు. మరిది, మంచి చెప్పినదాన్నే నమ్ముదాం అన్నాడు. మా పిన్ని, చెడ్డదాన్ని నమ్ముకుంటే మోసం ఉండదమ్మా అంది. చెల్లెలు మాత్రం నా చెయ్యి పట్టుకొని, "అక్కా, ఇద్దరు అయ్యవార్లు రెండు జాతకాలు రాసిచ్చిన పిల్ల మాదిరి ఉండాది నా గతి. నాకుండేది ఏ జబ్బో ఎవరన్నా ఒక్క మాట చెప్తే చాలు" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ ఒక్క మాట దొరకడానికి ఎందుకంత కష్టమో తెలుసుకోవడానికే నేను బయలుదేరాను. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. తెలియనిదాన్ని అడిగి తెలుసుకోవడానికి సిగ్గుపడే అలవాటు లేదు.

మొదట ఈ గ్రాహకం అంటే ఏమిటో చూద్దాం. ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను నెత్తుటితో పాటు తిరుగుతూ ఉంటుంది. దాన్ని అందుకొనేందుకు రొమ్ము కణాల కేంద్రకాల్లో ఒక రకం ప్రొటీను ఉంటుంది. అదే గ్రాహకం. కాన్సర్ కణాల్లో కూడా అది ఉంటే, ఆ కణాలు ఈస్ట్రోజెన్ను అందుకొని పెరుగుతాయి. ప్రపంచం మొత్తం మీద రొమ్ము కాన్సర్లలో నూటికి డెబ్బైకి పైగా ఈ జాతివే. గ్లాస్గో వైద్యుడు జార్జ్ బీట్సన్ అండాశయాలు తీసేస్తే కొందరిలో రొమ్ము కాన్సర్ తగ్గుముఖం పడుతుందని 1896లోనే ప్రకటించాడు. ఎందుకు తగ్గుతున్నదో ఆయనకు తెలియదు. 1950ల చివర షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ ఈ గ్రాహకాన్ని కనిపెట్టాక కారణం బయటపడింది. తర్వాత టామోక్సిఫెన్ వచ్చింది. అది గ్రాహకం దగ్గర ఈస్ట్రోజెన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. ముట్లుడిగిన వారికి ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గించే లెట్రజోల్, అనస్ట్రజోల్ లాంటివి ఆ తర్వాత వచ్చాయి. గ్రాహకం ఉన్నవారు టామోక్సిఫెన్ అయిదేళ్ళు వాడితే, పదిహేనేళ్ళలో ఈ జబ్బుతో పోయేవారి సంఖ్య సుమారు మూడోవంతు తగ్గుతుందని 2011లో పెద్ద లెక్క ఒకటి తేల్చింది. గ్రాహకం లేనివారికి ఆ మాత్రతో లాభం లేదు, బాధలు మాత్రం ఉంటాయి. కాబట్టి ఈ పరీక్ష తప్పితే రెండు వైపులా నష్టమే. లేనిది ఉందంటే వృథా మందు. ఉన్నది లేదంటే బతికించే మందు చేజారడం.

మరి ఇంత ముఖ్యమైన పరీక్ష ఎలా చేస్తారు? రక్తపరీక్షలాగా యంత్రంలో పోస్తే అంకె బయటికి వచ్చేది కాదు ఇది. ఎన్నో చేతులు మారే పని. తీసిన కండను గంటలోపల ఫార్మలిన్ ద్రావకంలో వెయ్యాలి. కనీసం 6 గంటలు, 72 గంటలకు మించకుండా అందులో ఉంచాలి. తర్వాత మైనంలో పోతపోసి దిమ్మె చేస్తారు. ఆ దిమ్మెను వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేని పొరలుగా కోసి గాజుపలక మీద పరుస్తారు. గ్రాహకాన్ని వెతికి పట్టుకొనే మందును దానిమీద వేస్తారు. గ్రాహకం ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది, లేనిచోట నీలంగా ఉంటుంది. అప్పుడు ఒక మనిషి సూక్ష్మదర్శినిలో చూసి, నూటికి ఎన్ని కణాలు గోధుమరంగు తేలాయో, ఆ రంగు ముదురో లేతో చెబుతారు. మన చేతికి వచ్చే కాగితం మీది అంకె ఇదే.

ఇందులో మొదటి మెట్టు దగ్గరే జారడానికి వీలుంది. ఊరగాయ పెట్టే ఇళ్ళవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. కాయను ముక్కలు కోయకుండా నిండుగా ఉప్పులో వేస్తే పైతోలు ఊరుతుంది, లోపలి గుజ్జు పాడవుతుంది. ఫార్మలిన్ కూడా అంతే, కండలోకి మెల్లగా ఇంకుతుంది. సూదితో తీసిన సన్నని ముక్కలు త్వరగా ఊరతాయి. పెద్ద రొమ్మును అయిదేసి మిల్లీమీటర్ల పొరలుగా కోసి వేస్తే తప్ప లోపలి గడ్డకు ద్రావకం అందదు. అందేలోపల గ్రాహకం చెడిపోతుంది. ఉన్నది లేనట్టు కనిపిస్తుంది. మా చెల్లెలికి ఆపరేషను జరిగింది శనివారం సాయంత్రం. తీసిన రొమ్మును కోయకుండా డబ్బాలో ఉంచి సోమవారం మధ్యాహ్నం పరీక్షాశాలకు చేర్చారని, మేము అడిగితే ఆపరేషను గదిలో పనిచేసే నర్సమ్మ చెప్పింది. ఆమె దాచిపెట్టలేదు. అది ముఖ్యమైన సంగతి అని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇది చిన్న ఊళ్ళ దరిద్రం అనుకోవద్దు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రుల పరీక్షాశాలలో 1997 నుంచి 2005 దాకా జరిగిన హార్మోను గ్రాహక పరీక్షల్లో పొరపాట్లు దొర్లాయని 2005లో బయటపడింది. వెయ్యిమందికి పైగా స్త్రీల దిమ్మెలను టొరాంటోకు పంపి తిరిగి పరీక్షిస్తే 380 మందికి పైగా ఫలితం మారింది. నెగెటివ్ అని చెప్పి మాత్ర ఇవ్వనివారిలో ఎందరో పాజిటివ్ అని తేలారు. కొందరు అప్పటికే పోయారు. ప్రభుత్వం న్యాయమూర్తి మార్గరెట్ కామెరాన్ చేత విచారణ జరిపించింది. 2009లో ఆమె నివేదిక వచ్చింది. ఒక్క మనిషి చేసిన ఒక్క తప్పు కాదది. కండను భద్రపరచడం, మందు వేయడం, సరిచూసుకోవడం, అన్ని మెట్లలోనూ శ్రద్ధ కొరవడింది. అంత డబ్బున్న దేశంలో ఎనిమిదేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు. ఈ కథ చదివాక నాకు భయం తగ్గింది. అడగడం మర్యాద తప్పినట్టు కాదని నమ్మకం కుదిరింది.

మేము రెండు చోట్లా వెళ్ళి దిమ్మెలు, గాజుపలకలు అడిగి తీసుకొన్నాం. ఒక చోట వెంటనే ఇచ్చారు. ఇంకో చోట అర్జీ రాయించుకొని మూడు రోజులు తిప్పి ఇచ్చారు. వాటిని చెన్నైలో కాన్సర్ పరీక్షలు రోజూ చేసే ఒక పెద్ద ఆసుపత్రికి పట్టుకెళ్ళాం. ఆలస్యం అవుతుందేమోనని చెల్లెలు భయపడింది. ఆపరేషను గాయం మానేదాకా కీమో ఎలాగూ మొదలుపెట్టరు, ఆ మూడు నాలుగు వారాల్లోనే ఇది అయిపోతుందని హోసూరు వైద్యుడు ధైర్యం చెప్పాడు. అలాగే అయింది.

చెన్నైలో పలకలు చూసిన వైద్యురాలు మమ్మల్ని కూర్చోబెట్టి తమిళంలో చెప్పింది. నేను చెల్లెలికి తెలుగులో చెప్పాను. ఆమె మొట్టమొదట చూసింది కాన్సర్ కణాలను కాదు, వాటి పక్కనున్న మంచి కణాలను. మామూలు రొమ్ము నాళాల్లో కొన్ని కణాలకైనా ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉంటుంది. కాబట్టి పరీక్ష సవ్యంగా జరిగితే ఆ మంచి నాళంలో గోధుమరంగు కనిపించి తీరాలి. రెండో పరీక్షాశాల పలకలో ఆ నాళం కూడా నీలంగానే ఉంది. "సాక్షి నోరు విప్పలేదు. అప్పుడు ముద్దాయి తప్పు చెయ్యలేదని తీర్పు ఇవ్వకూడదు" అంది ఆమె. ఆ 0 శాతం అంటే గ్రాహకం లేదని కాదు, పరీక్ష పలకలేదని. అదే ఆపరేషను కండలో బాగా ఊరిన అంచు ఉన్న మరో దిమ్మె ఎంచుకొని మళ్ళీ పరీక్షించారు. ఈసారి మంచి నాళం ముదురు గోధుమరంగు తేలింది. పక్కనున్న కాన్సర్ కణాల్లో 6 శాతం, లేతగా. సూదిముక్కల పలకను తిరిగి చదివితే 5 శాతం.

నేను సంతోషించబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఇప్పుడు రెండు కాగితాలూ ఒకటే మాట చెబుతున్నా, ఆ మాట గట్టిది కాదంది. 2010కి ముందు చాలా పరీక్షాశాలలు 10 శాతం లోపుంటే నెగెటివ్ అనే రాసేవట. 2010లో అమెరికా వైద్యసంఘాలు ఆ గీతను 1 శాతానికి దించాయి. 2020లో 1 నుంచి 10 శాతం దాకా ఉన్నవాటికి 'తక్కువ పాజిటివ్' అని వేరే పేరు పెట్టాయి. ఎందుకంటే ఈ మధ్యలో ఉన్న గడ్డల్లో చాలా వాటి నడవడి నెగెటివ్ గడ్డలనే పోలి ఉంటుంది. వారికి మాత్ర ఎంత మేలు చేస్తుందో చెప్పే రుజువులు కొద్ది. అయినా మేలు పొందేవారు కొందరు ఉండవచ్చు కాబట్టి, మాత్రకు అర్హులే అన్నారు. మా బడిలో ముప్ఫై అయిదు వస్తే ప్యాసు. ముప్ఫై ఆరు వచ్చిన పిల్లకూ ముప్ఫై నాలుగు వచ్చిన పిల్లకూ చదువులో తేడా ఏమంత లేదని దిద్దిన నాకు తెలుసు. కాగితం మీద మాత్రం ఒకరు ప్యాసు, ఒకరు ఫెయిలు. గీత దగ్గర నిలబడ్డవారికి ఎప్పుడూ ఈ బాధ తప్పదు.

గీత దగ్గర నిలబడడం మనకు కొత్తా? ఈ పత్రిక చదివే ఇళ్ళనే తీసుకోండి. ఇది తెలుగు ఇల్లా అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పగలమా? ఇంట్లో ఎంతమంది తెలుగు మాట్లాడతారన్నది ఒక లెక్క. ఎంత చిక్కగా మాట్లాడతారన్నది ఇంకో లెక్క. మా ఇంట్లో నేను, చెల్లెలు చదువుతాం, రాస్తాం. పిల్లలు మాట్లాడతారు, చదవలేరు. మనవడికి అర్థమవుతుంది, జవాబు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఇస్తాడు. లెక్క రాసుకొనేవాడు మనవడిని అడిగి వెళితే ఒక మాట రాసుకొంటాడు, నన్ను అడిగి వెళితే ఇంకో మాట. ఇద్దరూ అబద్ధమాడినట్టు కాదు. గడ్డ కూడా అలాంటి ఇల్లే. ఒక మూల కణాలకు గ్రాహకం ఉంటుంది, ఇంకో మూల ఉండదు. సూది ఏ మూల గుచ్చుకుంటే ఆ మూల మాటే వస్తుంది. అందుకే అన్ని చోట్లా పరీక్ష సవ్యంగా జరిగినా రెండు నివేదికలు వేరుగా రావచ్చు. అదృష్టమో ఏమో, మా చెల్లెలి విషయంలో అది కారణం కాదు. కాని ఎవరి విషయంలోనైనా కావచ్చు.

ఇక నిర్ణయం. గ్రేడ్ 3, గడ్డ రెండు సెంటీమీటర్లు దాటింది కాబట్టి ఏ నివేదిక నిజమైనా కీమో తప్పదని వైద్యులు చెప్పారు. అది విన్నాక చెల్లెలి మొహంలో కొంత నెమ్మది కనిపించింది. రెండు దారులూ కొంతదూరం ఒకటిగానే పోతాయని తెలిసింది కదా. తేడా వచ్చేది ఆ తర్వాతే, మాత్ర వేసుకోవడమా మానడమా అన్నచోట. మేలు ఎంతో ఎవరూ గట్టిగా చెప్పలేరు. బాధలు మాత్రం చెప్పగలరు. కీళ్ళ నొప్పులు, ఒంట్లో ఆవిర్లు, ఎముకలు పలచబడడం. అయిదేళ్ళు. వైద్యుడు అన్నీ చెప్పి, నెల రోజులు ఆలోచించుకోమన్నాడు. "వేసుకొని చూద్దాం, నీకు మరీ కష్టమైతే ఆపడం నా చేతిలోనే ఉంది" అన్నాడు. చెల్లెలు నన్ను అడగలేదు, మరిదిని అడగలేదు. తోటకు పోయి సాయంత్రం దాకా కూర్చుని వచ్చి, వేసుకొంటానంది. ఎందుకని అడిగితే, "ఆరు శాతమైనా నాదే కదక్కా. నూటికి ఆరు మొక్కలు పూసినా నేను నీళ్ళు ఆపను" అంది.

కీమో ముగిసింది. మాత్ర మొదలుపెట్టి ఏడాది దాటింది. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు. వేడినీళ్ళలో చేతులు పెట్టుకొని అరగంట తర్వాత పూలు కోయడానికి పోతుంది. ఎముకల పరీక్ష చేయించుకొంటుంది. జబ్బు తిరిగి వచ్చిన జాడ ఇంతవరకు లేదు. అది మాత్ర చలవో, కీమో చలవో, ఆమె అదృష్టమో విడదీసి చెప్పే పరీక్ష లేదు.

ఇటువంటి కష్టం వచ్చిన ఇళ్ళకు నేను చెప్పగలిగింది కొద్దే. పాజిటివ్, నెగెటివ్ అన్న మాట దగ్గర ఆగకండి. ఎంత శాతం, రంగు ముదురా లేతా అని అడగండి. పక్కనున్న మంచి కణాలకు రంగు తేలిందా అని అడగండి. ఆపరేషనుకు ముందే, తీసిన కండను వెంటనే కోసి ఫార్మలిన్లో వేసి పంపుతారా అని అడగండి. శనివారమైతే మరీ అడగండి. మైనపు దిమ్మెలు పారేసే వస్తువులు కావు, ఏళ్ళ తరబడి నిలుస్తాయి. అవి ఎక్కడున్నాయో తెలుసుకొని ఉండండి. రెండు నివేదికలు కలవకపోతే మంచిదాన్నో చెడ్డదాన్నో ఎంచుకోకండి. రెండు పలకలూ ఒకే కంటికి చూపించండి. ఇంగ్లీషు కాగితం, తమిళ వైద్యుడు, కన్నడ పరీక్షాశాల అని వెనకాడకండి. మూడు భాషల మధ్య పుట్టి పెరిగిన వాళ్ళం. ఒకరి మాట ఇంకొకరికి తిప్పి చెప్పడం మన ఇళ్ళలో పిల్లలకు కూడా చేతనవును.

ఇంత అడిగినా చివరికి దొరికేది ఒక్కోసారి 'అయిదారు శాతం' లాంటి జవాబే కావచ్చు. అవునో కాదో తేలని జవాబు చేతపట్టుకొని ఏదో ఒకటి నిర్ణయించుకొని నడవాలి. మా చెల్లెలు రోజూ రాత్రి భోజనమయ్యాక ఆ చిన్న మాత్రను అరచేతిలో వేసుకొని, ఒక్క క్షణం చూసి, నీళ్ళతో మింగుతుంది. ఏ జబ్బు నాది అని ఇప్పుడు అడగడం లేదు. రేపు ఎన్ని కట్టల పూలు మార్కెట్టుకు పంపాలని మరిదిని అడుగుతుంది.